కొవ్వు లేకుండా పుట్టే పిల్లల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో కొవ్వు కరిగించుకోవడం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఒంట్లో కొవ్వు ఎంత తక్కువుంటే అంత మంచిదని, అది పనికిరాని సరుకని రాశారు. అదే వారంలో జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఏడాదిన్నర బాబు, ఒంటి మీద చొక్కా లేదు, చేతులకీ తొడలకీ కండలు తేలి, నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, కింద 'బుల్లి పహిల్వాన్' అని రాసి, పుట్టినప్పట్నుంచీ ఇంతేనని, ఎంత పెట్టినా ఇంకా కావాలంటాడని వాళ్ల నానమ్మ మురిసిపోతూ చెప్పిన రెండు ముక్కలు. విడివిడిగా చూస్తే రెండూ మామూలు వార్తలే. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

నేను డాక్టర్ని కాను, చిన్న టౌన్లో రక్తపరీక్షల ల్యాబ్ టెక్నీషియన్ని. ఫొటో చూసి రోగం పేరు చెప్పడం నా పని కాదు, ఆ మాటకొస్తే ఎవరి పనీ కాదు. ఆ బాబు నిక్షేపంగా ఉండొచ్చు, ఉండాలనే నా కోరిక కూడా. కానీ పుట్టుకతోనే కండలు తేలి, చర్మం కింద నరాలు కనబడుతూ, లివర్ పెరిగి పొట్ట ముందుకొచ్చి, బొడ్డు ఉబ్బి, తీరని ఆకలితో ఉండే పిల్లల గురించి వైద్యంలో చాలాకాలం నుంచే రాసి ఉంది. 1954లో బ్రెజిల్‌లో బెరార్డినెల్లి అనే డాక్టరు, 1959లో నార్వేలో సీప్ అనే డాక్టరు ఇలాంటి పిల్లల గురించి రాశారు, అందుకే ఆ జబ్బుకి బెరార్డినెల్లి-సీప్ సిండ్రోమ్ అని పేరొచ్చింది. ఇలా కొవ్వు కణజాలం లేకుండా పోయే జబ్బులన్నిటినీ కలిపి లైపోడిస్ట్రఫీ అంటారు. ఆ పిల్లల్లో కండ కాస్త ఎక్కువే ఉంటుంది గానీ, అది అంతలా బయటికి కనబడటానికి కారణం దాని మీద పరుచుకుని ఉండాల్సిన కొవ్వు పొర లేకపోవడం. మీ విలేకరి దగ్గర ఆ ఇంటివాళ్ల నంబరు ఉండే ఉంటుంది. ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), షుగరు, లివర్ పరీక్షలు, పొట్ట స్కానింగ్ అవసరమేమో అడగమని ఒక్క ఫోన్ చేయించండి. అంతా బాగుంటే అందరికీ సంతోషమే.

మా ల్యాబ్‌లో ఇది ఎలా కనబడుతుందో చెబుతాను. రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలన్నీ అడుక్కి పోయి పైన లేత పసుపు రంగు సీరం తేలుతుంది. మామూలుగా అది తేటగా ఉంటుంది, ట్యూబ్ వెనక లేబుల్ పెడితే అక్షరాలు చదవొచ్చు. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, బాగా పెరిగిపోయినవాళ్ల సీరం తెల్లగా చిక్కగా వస్తుంది, వెనక వేలు పెడితే వేలు కూడా కనబడదు. ఆ ట్యూబ్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెడితే పొద్దున్నకి పైన తెల్లటి తెట్టు కడుతుంది. అలాంటి శాంపిల్‌తో మిషన్లు కూడా తికమకపడతాయి, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కొన్ని మిషన్లు సోడియం తక్కువ చూపిస్తాయి, అందుకే రిపోర్టు కింద 'లైపీమిక్ శాంపిల్', అంటే కొవ్వు తేలిన శాంపిల్ అని ఒక లైను రాస్తాం. ఆ లైను చదివేవాళ్లు తక్కువ. ట్రైగ్లిజరైడ్స్ డెసిలీటరుకి 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, 1000 దాటితే పాంక్రియాస్ (క్లోమం) వాచి ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉంది. లైపోడిస్ట్రఫీ ఉన్నవాళ్లలో కొందరికి అది వేలల్లో ఉంటుంది.

ఇలాంటి ట్యూబులు ఎక్కువగా మద్యం అలవాటున్నవాళ్లవీ, షుగరు అదుపు తప్పినవాళ్లవీ వస్తాయి. ఒకసారి మాత్రం పదహారు పదిహేడేళ్ల ఆడపిల్లది వచ్చింది. చెంపలు లోపలికి పోయి, చేతులు పుల్లల్లా కాకుండా గట్టిగా నరాలతో, మెడ చుట్టూ చర్మం నల్లగా మందంగా ఉంది. రిపోర్టు చూసి వాళ్లమ్మ మా మీద గొడవకి దిగింది, "ఇంత బక్కపిల్లకి కొవ్వు ఎక్కువేంటండీ, మీ మిషన్ పాడైనట్టుంది" అని. మళ్లీ చేశాం, మళ్లీ అంతే వచ్చింది. డాక్టరు పెద్దాసుపత్రికి పంపించారు, తర్వాత సంగతి మాకు తెలీదు, ల్యాబ్‌వాళ్లకి కథ సగంలోనే ఆగిపోతుంది. కానీ ఆ తల్లి అడిగిన ప్రశ్న మాత్రం సరైన ప్రశ్నే, మీ వ్యాసం రాసినాయన కూడా అది అడిగి ఉంటే బాగుండేది. ఒంటి మీద చిటికెడు కొవ్వు లేని పిల్ల రక్తంలో అంత కొవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది?

జవాబు ఏంటంటే, ఉండాల్సిన చోట జాగా లేక అక్కడికి వచ్చింది. గాదె లేని ఇంట్లో పంట పండితే ధాన్యం వసారాలో, వంటింట్లో, మంచాల కింద పోసుకోవాల్సిందే కదా. మనం తిన్నదాంట్లో మిగిలింది దాచుకోవడానికి ఒంట్లో ఉన్న గాదె కొవ్వు కణం. అది లేకపోతే కొవ్వు రక్తంలో తిరుగుతుంది, లివర్‌లో చేరుతుంది, కండల్లో చేరుతుంది. లివర్లో, కండల్లో కొవ్వు నిండితే ఇన్సులిన్ మాట చెల్లదు. అందుకే ఈ పిల్లల్లో చాలామందికి యుక్తవయసు దాటకుండానే షుగరు వస్తుంది, రోజుకి వందల యూనిట్ల ఇన్సులిన్ వేసినా దిగనివాళ్లు ఉంటారు. మెడ నల్లబడటం కూడా ఆ ఇన్సులిన్ ఎక్కువవడం వల్లే.

కొవ్వు కణం అనేది తిండి ఎక్కువైతే పేరుకునే మురికి కాదు, కాలేయం, గుండె తయారైనట్టే అదీ తల్లి కడుపులోనే ఒక పద్ధతి ప్రకారం తయారవుతుంది. సుమారు 14వ వారం దాటాక మొదలవుతుంది. ఒకే రకం మూలకణం ఎముక కణం కావచ్చు, కండ కణం కావచ్చు, కొవ్వు కణం కావచ్చు. పీపీఏఆర్ గామా అనే ప్రొటీన్ పనిలోకి దిగితే ఆ కణం కొవ్వు దారి పడుతుంది. తర్వాత లోపల చిన్న చిన్న కొవ్వు బొట్లు పుడతాయి, అవి కలిసి ఒక్క పెద్ద బొట్టవుతుంది, కేంద్రకం ఒక మూలకి నెట్టుకుపోతుంది. ఈ దారిలో ఎక్కడ ఏ జన్యువు తప్పినా గాదె కట్టడం ఆగిపోతుంది. ఏజీపీఏటీ2 అనే జన్యువు పాడైతే ట్రైగ్లిజరైడ్ తయారీలో ఒక మెట్టు పోతుంది. 2001లో కనిపెట్టిన బీఎస్‌సీఎల్2 జన్యువు సీపిన్ అనే ప్రొటీన్‌ని తయారుచేస్తుంది, కొవ్వు బొట్టు మొదట మొలకెత్తే చోట అది ఉండాలి. సీప్ గారి పేరు మీదే దానికా పేరు. ఇందులో నాకు భలే అనిపించే విషయం ఒకటుంది. ఏజీపీఏటీ2 పోయిన పిల్లల్లో ఒళ్లంతా కొవ్వు పోయినా అరచేతుల్లో, అరికాళ్లలో, కంటిగుడ్డు వెనక, కీళ్ల దగ్గర మాత్రం మిగిలే ఉంటుంది. సీపిన్ పోయినవాళ్లకి అదీ ఉండదు. అంటే దెబ్బ తగలకుండా మెత్తగా ఉండటానికి ఉన్న కొవ్వు వేరు, దాచుకోవడానికి ఉన్న కొవ్వు వేరన్నమాట. మనం అన్నిటినీ ఒకే గాట కట్టి తిడుతున్నాం. పసిపిల్లల మెడ దగ్గర, రెక్కల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వు ఇంకో రకం, అది దాచదు, కాల్చి వేడి పుట్టిస్తుంది, పుట్టిన బిడ్డ చలికి తట్టుకునేది దానివల్లే.

మీ వ్యాసంలో కొవ్వు కణాలు 'కరిగి మాయమవుతాయి' అని ఇంకో మాట కూడా ఉంది. 2008లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దీన్ని వింత దారిలో లెక్క కట్టారు. 1950ల్లో, 60ల మొదట్లో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగి, 1963 ఒప్పందంతో గాలిలో జరిపే ఆ పరీక్షలు చాలావరకు ఆగాక మెల్లగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏట గాలిలో ఎంతుందో అంతే దాని డీఎన్‌ఏలోకి చేరుతుంది కాబట్టి, దాన్ని కొలిస్తే కణం వయసు తెలిసిపోతుంది. అలా తేలిందేంటంటే, పెద్దయ్యాక మన కొవ్వు కణాల సంఖ్య ఇంచుమించు మారదు, చిన్నతనంలో, యుక్తవయసులోనే ఖాయమవుతుంది, ఏటా సుమారు 10 శాతం చచ్చిపోయి అన్నే కొత్తవి పుడతాయి. సర్జరీతో బాగా బరువు తగ్గినవాళ్లలో కూడా కణాలు చిన్నవయ్యాయి గానీ సంఖ్య తగ్గలేదు. మీ వ్యాసం పక్కనే కొవ్వు కరిగించే క్లినిక్ ప్రకటన ఉంది కదా, అందులో కూడా ఇదే 'మాయం' ఉంది. వ్యాసానికీ ప్రకటనకీ మధ్య గీత ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక వంశపారంపర్యం సంగతి. నేను చెప్పిన పుట్టుకతో వచ్చే రకం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు చెడ్డ జన్యువులూ బిడ్డకి చేరాలి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే తాతమ్మ నుంచి ఒకే జన్యువు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, మేనమామకి ఇస్తే ఇంకా ఎక్కువ. ప్రపంచంలో కోటి మందిలో ఒకరికి అని అంచనా వేసే జబ్బు మనలాంటి చోట అంత అరుదుగా ఉంటుందని నేననుకోను. అలాగని మేనరికం చేసుకున్నవాళ్లని కోర్టులో నిలబెట్టినట్టు మాట్లాడటం, బిడ్డని కన్న పాపానికి కోడల్ని సాధించడం రెండూ తప్పే. రెండు పక్కల నుంచీ చెరో సగం వస్తేనే వచ్చే జబ్బులో ఒక్కరిదే తప్పు ఎలా అవుతుంది?

ఇంకో రకం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పుట్టినప్పుడు బాగానే ఉంటారు, ఈడొచ్చే వయసులో చేతుల మీద, కాళ్ల మీద, పిరుదుల మీద కొవ్వు పోయి కండలు, నరాలు తేలతాయి, ముఖం, మెడ మాత్రం నిండుగా అవుతాయి. 1970ల్లో గ్లాస్గోలో డన్నిగన్ అనే డాక్టరు దీన్ని వర్ణించారు, ఎక్కువమందిలో దీనికి ఎల్‌ఎంఎన్‌ఏ అనే జన్యువు కారణమని 2000లో తేలింది. దీనికి ఒక్కరి నుంచి వచ్చినా చాలు, మేనరికంతో పనిలేదు. మగవాళ్లలో ఇది అంత తేలిగ్గా బయటపడదు, జిమ్‌కి వెళ్తున్నాడనుకుంటారు. ఆడపిల్లల్లో కష్టం వేరు. ఊళ్లో మగరాయుడిలా ఉందంటారు, పెళ్లిచూపులకి నిండుచేతుల జాకెట్ వేయిస్తారు. నెలసరి సరిగా రాక డాక్టరు దగ్గరికి వెళ్తే పీసీఓఎస్ (అండాశయాల సమస్య) అని, ముఖం నిండుగా ఉందని తిండి తగ్గించమని చెప్పి పంపిస్తారు. ముప్పై ఏళ్లు దాటేసరికి చాలామందికి షుగరు, ఫ్యాటీ లివరు, కొందరికి గుండెజబ్బు వచ్చి కూర్చుంటాయి. అమ్మకీ, పిన్నికీ, అమ్మమ్మకీ అవే కాళ్లు, అవే చేతులు ఉన్నాయా అని ఒక్కరు అడిగితే సగం రోగం బయటపడుతుంది. ఇది డాక్టర్ల పేజీలోనే కాదు, మీ మహిళల పేజీలో రావాల్సిన విషయం.

జన్యువు చెడకపోయినా ఈ గాదె లెక్క మనందరికీ వర్తిస్తుంది. పుణెలోని కేఈఎం ఆస్పత్రి డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు, లండన్‌లో ఉన్న జాన్ యుడ్కిన్ గారు 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు లెక్క) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. 'నాకు పొట్ట తప్ప ఏమీ లేదండీ, షుగరెలా వచ్చింది' అని మా ల్యాబ్‌లో రోజూ వినే మాటకి జవాబు ఆ ఒక్క ఫొటోలో ఉంది. ఎంత కొవ్వుందన్నది ఒక్కటే ప్రశ్న కాదు, ఎక్కడుంది, అక్కడ పట్టేంత చోటు ఉందా అన్నదీ ప్రశ్నే. షుగరుకి చాలామంది వేసుకునే పయోగ్లిటజోన్ మాత్ర నేను పైన చెప్పిన పీపీఏఆర్ గామానే తట్టి లేపి, చర్మం కింద కొత్త కొవ్వు కణాలు పెరిగేలా చేస్తుంది. కాస్త బరువు పెరుగుతారు, షుగరు తగ్గుతుంది. కొవ్వు విషమైతే ఇది ఎలా జరుగుతుంది చెప్పండి. దుష్ప్రభావాలున్న మందు కాబట్టి డాక్టరు చెప్పకుండా ఎవరూ వేసుకోకూడదు, అది వేరే సంగతి.

ఆకలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నానమ్మలు మోసపోయేది అక్కడే. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువుని కనిపెట్టింది. కొవ్వు కణం నుంచి వచ్చే లెప్టిన్, ఒంట్లో నిల్వ ఉంది, ఇక చాలు అని మెదడుకి చెబుతుంది. 1997లో ఇంగ్లండ్‌లో పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలో ఇద్దరు పిల్లలకి జన్యులోపం వల్ల లెప్టిన్ అసలు తయారవడం లేదని కేంబ్రిడ్జ్ డాక్టర్లు కనిపెట్టారు. ఎనిమిదేళ్ల పిల్ల 86 కిలోలు, రెండేళ్ల పిల్లాడు 29 కిలోలు. ఎంత తిన్నా ఆకలే. ఇప్పుడు ఇటు చూడండి, కొవ్వు కణాలే లేని పిల్లకి లెప్టిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకరు 86 కిలోలు, ఒకరు ఎముకల మీద కండ తప్ప ఏమీ లేనివారు, ఇద్దరికీ ఒకటే ఆకలి, ఒకటే కారణం. ఒకరిని తిండిపోతు అని తిడతాం, ఇంకొకరిని కడుపునిండా తిని అరాయించుకునే వీరుడని ఫొటో వేస్తాం.

మొదట్లో లెప్టిన్‌ని అందరినీ సన్నబరిచే మందుగా అమ్ముకుందామని చూశారు, లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ మామూలుగానే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ ఆశ తీరలేదు. కొవ్వు లేనివాళ్ల దగ్గర మాత్రం అది అక్కరకొచ్చింది. 2000లో అమెరికాలో కొవ్వు లేని ఎలుకలకి మామూలు ఎలుకల కొవ్వు ముక్కలు అమరిస్తే వాటి షుగరు జబ్బే పోయింది. 2002లో తొమ్మిది మంది లైపోడిస్ట్రఫీ పేషెంట్లకి నాలుగు నెలలు లెప్టిన్ ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ 60 శాతం తగ్గాయి, మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 1.9 పాయింట్లు పడిపోయింది. ఇక్కడ హెచ్‌బీఏ1సీ అర పాయింటు తగ్గితే స్వీట్లు పంచుకునేవాళ్లని చూస్తున్నాను నేను. 2014లో అమెరికాలో లెప్టిన్‌లాగే పనిచేసే మెట్రిలెప్టిన్ ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది. ఖర్చు ఏడాదికి లక్షల డాలర్లలో ఉంటుంది, మన ఊళ్లో ఆ మాట అనడానికి కూడా నోరు రాదు. ఈ జబ్బు మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నవాళ్లలో పెద్ద పేరు అభిమన్యు గర్గ్ గారిది, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి డల్లాస్‌లో స్థిరపడ్డారు.

మన జిల్లాల్లో పెద్దవాళ్లకి ఇలాంటి ముఖాలు కొత్త కాదు, ఆ జ్ఞాపకం వేరే దారిన వచ్చింది. 2004లో ప్రభుత్వం ఉచితంగా హెచ్ఐవీ మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు అందులో స్టావుడిన్ ఉండేది. అది ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. కానీ చాలామందిలో అది కొవ్వు కణాల లోపల శక్తి తయారుచేసే మైటోకాండ్రియాని దెబ్బతీసింది, చెంపలు గుంటలు పడ్డాయి, కాళ్లు సన్నబడ్డాయి, బస్టాండులో ముఖం చూసి ఫలానా జబ్బని గుర్తుపట్టేవారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంతో ఆ మందు పక్కకి పోయింది. చెంపల్లో ఉండే ఆ పిడికెడు కొవ్వు మనిషి పరువు కూడా కాపాడుతుందని అప్పుడు మందుల కోసం క్యూలో నిలబడ్డవాళ్లని అడిగితే చెబుతారు.

ఇప్పుడు అసలు కావాల్సింది. ఒక పిల్లల ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేత దీని మీద సగం పేజీ రాయించండి. అనుమానం ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలో రాయండి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్రం), నిమ్స్ ఆస్పత్రి కలిపి ఒకటి, అక్కడ జెనెటిక్స్ డాక్టర్లు ఉన్నారు. ఆ మాట తెలియక బిడ్డని ఒళ్లో వేసుకుని దిష్టి తీయించడానికీ, బలం మందులకీ తిరిగేవాళ్లున్నారు. ఒంటి మీద బట్టల్లేకుండా పిల్లల ఫొటోలు వేసి పహిల్వాన్ అనడం మానేయండి, జబ్బున్నా లేకపోయినా.

అన్నిటికంటే ముందు నెయ్యి సంగతి రాయండి. బక్కగా ఉన్న పిల్లకి ఒళ్లు రావాలని మనవాళ్లు చేసే మొదటి పని ముద్దపప్పులో గరిటెడు నెయ్యి, పాలల్లో మీగడ, పొద్దున్నే గుడ్డు, సాయంత్రం వేరుశనగ ఉండ. మామూలు పిల్లలకి అది అమృతమే. లైపోడిస్ట్రఫీ ఉన్న బిడ్డకి మాత్రం ఆ నెయ్యి చేరడానికి చోటు లేదు, నేరుగా రక్తంలో తేలి పాంక్రియాస్ మీదికి వస్తుంది, రాత్రికి బిడ్డ కడుపునొప్పితో మెలికలు తిరగొచ్చు, గ్యాస్ అనుకుని ఇంకేదో మాత్ర వేస్తారు. ఈ జబ్బుకి ఇవాళ పేదవాడికి అందుబాటులో ఉన్న వైద్యాల్లో మొదటిది ఆ నెయ్యి, నూనె తగ్గించడమే, అదీ డాక్టరు, డైటీషియన్ చెప్పిన లెక్కలో, ఎదిగే బిడ్డ కాబట్టి సొంతంగా మాన్పించకూడదు.

ఉత్తరం పెద్దదైంది, మొత్తం వేయరని తెలుసు. చోటు చాలకపోతే అణుబాంబులు, ఎలుకలు కొట్టేయండి, నా మీద క్లినిక్ వాళ్లకి కోపం వస్తుందనుకుంటే ఆ ముక్కా తీసేయండి. నెయ్యి పేరా మాత్రం ఒక్క అక్షరం తగ్గించకండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
బాపట్ల జిల్లా